నిన్నడిగేవి ముందు నేర్చుకో

కొవ్వూరు,
సెప్టెంబరు 14.

చిట్టీ,

నీ వాయిస్ మెసేజి విన్నాను. “బస్సు డ్రైవరు దగ్గర్నుంచి లైబ్రరీలో ముసలమ్మ దాకా అందరూ ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు మావయ్యా, రెండేళ్ళ చదువుకి స్వీడిష్ దేనికి” అన్నావు. ప్రశ్న న్యాయమైనదే. చిక్కు కూడా అక్కడే ఉందే అమ్మాయ్. నువ్వు తడబడుతూ ఒక ముక్క అనేసరికి, మర్యాదకొద్దీ వాళ్ళే ఇంగ్లీషులోకి దిగిపోతారు. నీకు హాయిగా ఉంటుంది. అలా హాయిగానే ఏళ్ళు గడిచిపోతాయి. స్వీడన్‌లోని వెస్తెరోస్‌లో నాతోపాటు మోటార్ల కంపెనీలో పనిచేసిన మనవాళ్ళలో పదేళ్ళున్నా కాఫీ గదిలో జోకు అర్థంకాక, అందరూ నవ్వాక నవ్వేవాళ్ళుండేవారు. ఆఫీసు మీటింగు ఇంగ్లీషులో జరుగుతుంది, నిజమే. మనుషులు దగ్గరయ్యేది మీటింగు అయ్యాక కదా.

అందుకని అన్నిటికంటే ముందు ఈ ఒక్క వాక్యం పట్టుకో: “కన్ వీ తా దే పో స్వెన్‌స్కా?” స్వీడిష్‌లోనే మాట్లాడుకుందామా అని. ఎదుటివాళ్ళు ఇంగ్లీషులోకి జారినప్పుడల్లా నవ్వుతూ ఇది అను. తొందరలో ఉన్నవాళ్ళు జారుకుంటారు. తీరికున్నవాళ్ళు మాత్రం మొహం విప్పార్చుకుని నెమ్మదిగా మాట్లాడతారు. దీనికి తోడు “యా లేర్ మేయ్ స్వెన్‌స్కా” (స్వీడిష్ నేర్చుకుంటున్నాను), “లీతె లోంగ్‌సమ్మరె, తక్” (కాస్త నెమ్మదిగా, దయచేసి). ఈ మూడూ ఉంటే భాష రానితనం కూడా భాషలోనే చెప్పుకోవచ్చు.

నువ్వు చేరిన కార్ల్స్‌క్రూనా మనవాళ్ళకి కొత్త ఊరు కాదు. యూరప్ బయటినుంచి వచ్చినవాళ్ళకి స్వీడన్‌లో ఫీజు మొదలైంది 2011లో. అంతకుముందు చదువు ఉచితం. ఆ రోజుల్లో మీ బ్లేకింగె టెక్నికల్ కాలేజీకి తెలుగు కుర్రాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళినట్టు వెళ్ళారు. తరవాత జేఎన్టీయూతో కలిపి రెండు డిగ్రీల కోర్సులూ నడిచాయి. 1680లో నౌకాదళం కోసం కట్టిన ఊరు, యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరు, ఒకప్పుడు చలికాలం సాయంత్రాల్లో పప్పు తాలింపు వాసన వేసిందంటే నమ్ము. అలాంటి గుంపులో సుఖముంది, చిక్కూ ఉంది. వంట తెలుగులో, చదువు ఇంగ్లీషులో సాగిపోతే స్వీడిష్‌కి ఇంట్లో చోటెక్కడిది? చదువయ్యాక ఉద్యోగం వేటలో పడ్డప్పుడు గానీ దాని అవసరం తెలియదు. సాఫ్ట్‌వేరు కాని ఏ పనికైనా, గిన్నెలు తోమే పనికైనా, నేను చూసినంతలో ముందడిగేది అదే.

సరే, ఎలా నేర్చుకోవాలన్న దానికొద్దాం. నా మాట ఒక్కటే: నువ్వడగాల్సినవి కాదు, నిన్నడిగేవి ముందు నేర్చుకో.

మన బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో ఒడిశానుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. తెలుగు అక్షరం రాదు. కానీ “ఇంకో చట్నీ వెయ్యమంటారా అండీ”, “పార్సిలా, ఇక్కడేనా”, “చిల్లర లేదండీ, ఫోన్‌పే చేసెయ్యండి” ఇవన్నీ గోదారి యాసతో సహా దొర్లించేస్తాడు. వాడు తన నోట్లోంచి రావాల్సినవాటికంటే ముందు చెవిలో పడేవి పట్టుకున్నాడు. “ఒరేయ్, సాంబారు వేరే గిన్నెలో” అన్నది నూరుసార్లు విన్నాక అది వాడి మాటే అయిపోయింది. పుస్తకాలు రాసేవాళ్ళు దీన్ని తిరగేసి రాస్తారు. “రైల్వే స్టేషను ఎక్కడుంది?” అని ఎలా అడగాలో మొదటి పేజీలోనే ఉంటుంది. నువ్వు చక్కగా అడుగుతావు. వాళ్ళు గడగడా జవాబు చెబుతారు. అక్కడితో నీ పుస్తకం అయిపోతుంది.

కిరాణా కొట్టు తీసుకో. ఫోనులో దారి దొరుకుతుంది, ధర రాసే ఉంటుంది, నువ్వేమీ అడగక్కర్లేదు. కౌంటర్లో అమ్మాయే నిన్నడుగుతుంది. సామాన్లు గీకుతూ “హేయ్” అంటుంది, నువ్వూ “హేయ్” అను. “మెడ్లెమ్?” అంటే సభ్యత్వం కార్డుందా అని. “పోసె?” అంటే సంచీ కావాలా అని. “వా దే బ్రా సో?” అంటే ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని. “విల్ దూ హా క్విత్తూ?” అంటే రసీదు కావాలా అని. తలెత్తకుండా ఒకే ఊపిరిలో అంటుంది కాబట్టి మాటలు విడివిడిగా వినబడవు, ఒక రాగంలా వినబడతాయి. ఆ రాగాన్నే గుర్తుపెట్టుకో. జవాబులు రెండే: “యా, తక్”, “నేయ్, తక్”. చివర్న “హేయ్ దో” అని బయటపడు.

తక్ అన్నది ఒక్క కృతజ్ఞతకే కాదని ఈపాటికి చూసే ఉంటావు. ఇంగ్లీషు ప్లీజుకి అచ్చంగా సరిపోయే మాట వాళ్ళకి లేదు, ఆ పని కూడా దీనిచేతే చేయిస్తారు. “ఎన్ కఫ్ఫె, తక్” అంటే ఒక కాఫీ ఇవ్వండి అని. కాఫీ తాగుతావా అని ఎవరైనా అడిగినప్పుడు ఊరికే “తక్” అంటే తాగుతానని. వద్దంటే ముందు “నేయ్” తగిలించాలి. భోజనం దగ్గర ఇంకో మెలిక ఉంది. ఇంకాస్త వడ్డించనా అని అడిగితే “దే ఎ బ్రా” అనకు. బ్రా అంటే మంచిదే గానీ, అక్కడ దానర్థం మన “చాలండీ”. ఆకలిమీద ఉండి మర్యాదకని ఆ మాట అన్నావంటే గిన్నె వెనక్కి వెళ్ళిపోతుంది. మనలాగా మూడుసార్లు బతిమాలే ఆచారం వాళ్ళకి లేదు తల్లీ. లేచేటప్పుడు “తక్ ఫెర్ మాతెన్” (భోజనానికి థాంక్స్) అనడం మాత్రం మరిచిపోకు. కన్నతల్లికి కూడా పిల్లలు రోజూ చెబుతారు. మీ అమ్మకి నువ్వలా చెబితే, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టి చూస్తుంది.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. మీ ఇంట్లో మాంసం ముట్టరు. కొట్లో ప్యాకెట్లమీద “నెత్” అని కనబడితే (ఓ అన్నట్టు పెదాలు సున్నా చుట్టి ఏ అని పలకాలి) గింజలనుకునేవు. బహువచనంలో “నెత్తెర్” అంటే గింజలే, బాదం, జీడిపప్పు లాంటివి. కానీ “నెత్‌షెత్” అంటే ఆవుమాంసం, “నెత్‌ఫాష్” అంటే దాని ఖీమా. ఆ భాషలో పశువుకీ గింజకీ ఒకే రూపం. “కన్ ఇన్నెహొల్లా స్పోర్ ఆవ్ నెత్తెర్” అని ఉంటే గింజల అంశ ఉండొచ్చన్న హెచ్చరిక మాత్రమే, దానికి భయపడక్కర్లేదు. “ఫ్లెస్క్”, “గ్రీస్” పందివి. “శ్యూక్లింగ్” కోడి. “ఎగ్” గుడ్డు. “ఇంగ్రెదియెన్సెర్” అన్న మాట దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టు, అందులో ఏమేం కలిపారో అక్కడినుంచే ఉంటుంది.

మసాలాల దగ్గర ఇంకో బోల్తా ఉంది. “కుమ్మిన్” అని రాసిన డబ్బా జీలకర్ర కాదు. అది వాళ్ళు రొట్టెల్లో వేసుకునే వేరే గింజ, షాజీరా లాంటి వాసన. చారులో వేశావంటే గిన్నెడూ పారబొయ్యాలి. జీలకర్ర కావాలంటే “స్పీస్‌కుమ్మిన్” చూసి తీసుకో. పసుపు “గూర్క్‌మేయా”, అల్లం “ఇంగెఫేరా”, వెల్లుల్లి “వీత్‌లెక్”. బియ్యం “రీస్”, ఇది నీకెవరూ చెప్పక్కర్లేదు. కూర అరటికాయ “కూక్‌బనాన్”, పెద్ద కొట్లలో దొరుకుతుంది. మన పరిశోధన కేంద్రం వాళ్ళ కొవ్వూరు బొంత అరటిలా ఉంటుందని మాత్రం ఆశపడకు. అరటికి మూసా అని శాస్త్రనామం ఖాయం చేసింది మీ స్వీడన్ వాడే, లినేయస్. ఆ చలిదేశంలో పుట్టి, హాలెండులో ఒక షావుకారు అద్దాల తోటలో అరటిచెట్టు చేత పువ్వు పూయించి, కాయ కాయించి, 1736లో దానిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. మన లంకల్లో అయితే గెలలు మోసే కూలీ కూడా తిరిగి చూడడు.

ఇప్పుడు ఉచ్చారణ. ఇక్కడ నీకో శుభవార్త, ఎవరూ చెప్పి ఉండరు. అమెరికావాడికీ ఇంగ్లండువాడికీ చెమటలు పట్టించే స్వీడిష్ శబ్దాలు కొన్ని నీకు పుట్టుకతోనే వచ్చు. ర పక్కన త, ద, న, స, ల వచ్చినప్పుడు స్వీడన్ మధ్యభాగంలో వాళ్ళు రెండూ కలిపి నాలుక వెనక్కి మడిచి పలుకుతారు. అంటే అచ్చంగా మన ట, డ, ణ, ష, ళ. పిల్లవాణ్ణి రాతలో బర్న్ అని రాస్తారు, పలికేది “బాణ్”. బల్లని “బూడ్” అంటారు. పావుగంట “క్వట్”. ఎవరికైనా ఏదైనా అందించేటప్పుడు అనే “వాషొగూ” లో ఉన్నది కూడా ఆ షకారమే. మా ఆఫీసులో ఒక ఇంగ్లీషు దొర దీనికోసం అద్దం ముందు నాలుక మడిచి సాధన చేసేవాడు. నువ్వున్న దక్షిణాది వైపు ర గొంతులోంచి పలుకుతారు కాబట్టి అక్కడి పాతవాళ్ళ నోట ఇది వినబడకపోవచ్చు. రేడియోలో, టీవీలో విను.

రెండోది హ్రస్వం, దీర్ఘం. “తక్” అంటే థాంక్స్, “తాక్” అంటే ఇంటి పైకప్పు. “గ్లాస్” అంటే గాజు గ్లాసే, కానీ హ్రస్వంగా మొదలెట్టి చివర ఒత్తి “గ్లస్స్” అంటే ఐస్‌క్రీము. దీర్ఘం ఉంటే తరవాతి హల్లు తేలిక, హ్రస్వం ఉంటే తరవాతి హల్లు ద్విత్వం. కల, కళ్ళ, కాళ్ళ అని తేడా వినగలిగిన చెవికి ఇదెంత పని? నీకు రానివి ముఖ్యంగా రెండు. ఒకటి ఇందాక చెప్పిన పెదాల సర్కస్: ఓ కి చుట్టి ఏ అనడం, ఊ కి చుట్టి ఈ అనడం. రెండోది ఏడు అంకె. దాన్ని హ్యూ అని రాయాలో ష్వూ అని రాయాలో నాకిప్పటికీ తెలీదు, వేడి కాఫీమీద ఊదినట్టుంటుంది. నర్సు అనే మాటలో ఆ శబ్దం రెండుసార్లు వస్తుంది, కాబట్టి ఆసుపత్రికి వెళ్ళేముందు ఇంట్లో రెండుసార్లు అనుకుని వెళ్ళు.

అంకెలు మాత్రం కంఠతా పట్టాలి. ఎందుకంటే నిన్ను అందరికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న “పెర్షూన్‌నుమ్మెర్?” అన్నది. పుట్టినతేదీ, దాని వెనక నాలుగంకెలు. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, ఫోనులోనూ ముందు అదే. నోల్, ఎత్, త్వో, త్రే, ఫీరా, ఫెమ్, సెక్స్, ఆ ఏడు, ఒత్తా, నీయు. నీ నంబరు గడియారం చూడకుండా టైము చెప్పినంత ధీమాగా రావాలి. ఫోను నంబర్లు వాళ్ళు రెండేసి, మూడేసి కలిపి చదువుతారు, డెబ్బైమూడు, నలభైఆరు అన్నట్టు. కాబట్టి వందలోపు అంకెలన్నీ కావాలి. పార్సిలు తెచ్చుకోడానికెళ్తే “హార్ దూ లేగ్?” అంటారు. లేగదూడ కాదు, గుర్తింపు కార్డు. అలాగే బస్సులో పక్క సీటు చూపించి “ఎ దే లేదిత్?” అంటే ఖాళీగా ఉందా అని. లేదిత్ అంటే ఉంది అన్నమాట, మన చెవికి తిరగబడి వినబడుతుంది. కిటికీ పక్కన కూర్చున్నప్పుడు “స్కా దూ ఆవ్?” అని అడిగితే దిగుతావా అని. స్టేషన్లో బోర్డుమీద “ఫెర్‌సేనత్” అంటే ఆలస్యం, ఓర్చుకోవచ్చు. “ఇన్‌స్తెల్త్” అంటే రైలు రద్దు, అప్పుడు “బుస్” అన్న మాట ఎక్కడ వినబడితే అక్కడికి పరుగెత్తు.

టైము దగ్గర ఒక గోతి ఉంది, మనవాళ్ళు తరచూ పడతారు. “హల్వ్ త్రే” అంటే మూడున్నర కాదు. రెండున్నర. మూడో గంటలో సగం అయిందని వాళ్ళ లెక్క. “ఫెమ్ ఈ హల్వ్ త్రే” అంటే రెండూ ఇరవై అయిదు. మీ ప్రొఫెసరు హల్వ్ త్రే రమ్మంటే నువ్వు మూడున్నరకి వెళ్ళావనుకో, ఆయన గంటక్రితమే కోటేసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఆ దేశంలో అయిదు నిమిషాల ఆలస్యానికి కూడా కబురు పెడతారు.

ప్రొఫెసరు అన్నాను గదా. ఆయన్ని పేరుపెట్టి “దూ” అనడానికి నీ నోరు రాదు, నాకు తెలుసు. ఆరునెలలు పడుతుంది. అందరూ అందర్నీ నువ్వు అనుకునే దేశం అది. కానీ ఎప్పటినుంచో అలా లేదు. పూర్వం వాళ్ళు మనకంటే మొండివాళ్ళు. ఎదురుగా కూర్చున్న మనిషితో “డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా” అని మూడో మనిషిగురించి అడిగినట్టు అడిగేవారు. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే ఆయన వాళ్ళ వైద్యశాఖ బోర్డుకి అధిపతిగా వచ్చి, ఉద్యోగులందర్నీ దూ అనే అంటానని, తననీ అలాగే అనమని ప్రకటించాడు. అప్పటికే మొదలైన మార్పు ఆ దెబ్బతో ఊపందుకుని పదేళ్ళలో దేశమంతా మారిపోయింది. రాజుగారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. గౌరవం చూపించాలని నువ్వు “నీ” (మీరు) అన్నావో, కొందరు పెద్దవాళ్ళకి అది దూరం పెట్టినట్టు వినబడుతుంది. కాబట్టి దూ అనెయ్యి, మనసులో గారు తగిలించుకో. ఇంటికొచ్చినప్పుడు మాత్రం నన్ను దూ అన్నావంటే ఊరుకోను.

మన “ఆయ్” కి సాటివచ్చేది ఒకటుంది అక్కడ. వంతెనకి ఈ పక్క కొవ్వూరైనా ఆ పక్క రాజమండ్రైనా మనం ఆయ్ అంటే ఎదుటివాడికి ఎంత నిండుగా ఉంటుందో, అలా స్వీడన్ ఉత్తరాదివాళ్ళు అవునన్న మాటని గాలి లోపలికి పీల్చి చెబుతారు. మాట ఉండదు, చటుక్కున ఊపిరి పీల్చుకున్న చప్పుడే. తెలియనివాళ్ళు ఈ మనిషికి ఏమైందో అని హడలిపోతారు. మీ క్లాసులో ఊమియో వైపు పిల్లలుంటే అడిగి చూపించమను.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా. ప్రాణం మీదికొస్తే 112. సలహా కావాలంటే 1177, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. “యా హార్ ఉంత్ ఈ” అని, నొప్పి ఉన్నచోటు తగిలించు: మాగెన్ కడుపు, హాల్సెన్ గొంతు, హూవుదెత్ తల, రిగ్గెన్ వీపు, నడుము. వాళ్ళు తిరిగి అడిగేది “హూర్ లెంగె?” (ఎన్నాళ్ళనుంచి?). రోజుకి “దాగ్”, వారానికి “వెక్కా”.

కోర్సు విషయం. నీ పెర్షూన్‌నుమ్మెర్ రాగానే మీ కొమ్మూన్ (మునిసిపాలిటీ) వాళ్ళ ఎస్‌ఎఫ్‌ఈ (వలసవచ్చినవాళ్ళకి స్వీడిష్) క్లాసుకి పేరిచ్చెయ్యి, డబ్బు పుచ్చుకోరు. అందులో ఎ నుంచి డి దాకా నాలుగు మెట్లు, చదువునిబట్టి మూడు దారులు. చదువుకున్నవాళ్ళని మూడో దారిలో పెడతారు, దానికి సి, డి రెండే. రాత్రి బ్యాచీలుంటాయేమో కనుక్కో. అయితే క్లాసు వ్యాకరణం చెబుతుంది, నోరు నువ్వే తెచ్చుకోవాలి. ఇక్కడ మన గీర్వాణ విద్యాపీఠంలో పిల్లలు రామః, రామౌ, రామాః అని గొంతెత్తి వల్లించేవాళ్ళు. పద్ధతి మంచిదే, నువ్వూ వల్లె వెయ్యి, కాకపోతే విభక్తులు కాదు, కౌంటరు మాటలు. ఎన్, ఎత్ అని వాళ్ళ నామవాచకాలకి రెండు లింగాల గొడవుంది, దానికి ఇప్పుడే జుట్టు పీక్కోకు. తప్పుగా అన్నా కాఫీ వస్తుంది.

చదవడానికి “ఒత్తా సీదోర్” అని ఒక పత్రిక ఉంది, ఎనిమిది పేజీలని అర్థం, 1984 నుంచీ తేలిక స్వీడిష్‌లో వార్తలు వేస్తోంది. నెట్‌లో ఉచితం, చదివి వినిపిస్తుంది కూడా. చాలా లైబ్రరీల్లో “స్ప్రోక్‌కఫే” అని పెడతారు, రిటైరైన పెద్దవాళ్ళు వచ్చి కొత్తవాళ్ళతో కాఫీ తాగుతూ కబుర్లాడతారు. వెళ్ళు. ముసలాళ్ళకి తీరికుంటుంది, నెమ్మదిగా మాట్లాడతారు, స్వీడిష్ నేర్చుకోడానికే వచ్చావని తెలిస్తే ఇంగ్లీషులోకి జారరు. వాళ్ళకంటే మంచి గురువులుండరని నేనంటే ఇందులో నా స్వార్థం ఉందంటావేమో. ఇంకో బడి మీ బిల్డింగులో అందరూ వాడుకునే బట్టలుతికే గది. గోడమీద ఎవరో ఒకరు కోపంగా చీటీ అంటించే ఉంటారు, ఫిల్టరు శుభ్రం చెయ్యలేదని, తన టైములో ఇంకొకరు దూరారని. ప్రతి చీటీ ఫోటో తీసుకుని అర్థం రాసుకో. పుస్తకంలో దొరకని జీవభాష అంతా అక్కడుంటుంది. ఆ కోపం నీమీద కాకుండా మాత్రం చూసుకో.

పొడిగించకుండా ఆపుతాను. మీ నాన్న ఆవకాయ పంపిస్తానంటున్నాడు, నూనె కారకుండా రెండు సీలు సంచుల్లో వెయ్యమని చెప్పాను. 2027 గోదావరి పుష్కరాలకి సెలవు పెట్టుకోవాలంటే ఇప్పటినుంచే చూసుకో, వేసవి టికెట్లు భగ్గుమంటాయి.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: అక్టోబరు ఆఖరి ఆదివారం మీ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇప్పటిదాకా మనకీ మీకూ తేడా మూడున్నర గంటలు, ఆ రోజునుంచి నాలుగున్నర. ఇక్కడ పొద్దున్న తొమ్మిదైతే నీకు నాలుగున్నర, వాళ్ళ లెక్కలో హల్వ్ ఫెమ్. మీ అమ్మకి చెప్పి ఉంచాను. అయినా ఆవిడ చేస్తుంది, ఫోను సైలెంటులో పెట్టుకుని పడుకో.